నెలసరితో పాటు వచ్చిన అనఫిలాక్సిస్: ఈస్ట్రోజెన్, మాస్ట్ కణాలు, ఒక నొప్పి మాత్ర – కేస్ స్టడీ

పేషెంట్ వయసు 32. పెళ్లయి మూడేళ్లు, పిల్లలు కావాలనుకుంటున్నారు. చిన్నప్పటి నుంచి పొద్దున్నే తుమ్ములు, ముక్కు కారడం. రెండేళ్లుగా ఒంటిమీద దద్దుర్లు. నా దగ్గరికి వచ్చే నాటికి ఆవిడ ఫైల్‌లో "ప్రొజెస్టిరాన్ అలర్జీ" అని రాసి ఉంది. గర్భం వస్తే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ బాగా పెరుగుతుంది కాబట్టి అది ప్రమాదమని, అండాశయాలను ఇంజెక్షన్లతో పనిచేయకుండా ఆపాలని, అప్పటికీ తగ్గకపోతే తీసేయడమే దారి అని ఆవిడకు ముందే చెప్పారు. (గోప్యత కోసం కేసుకు సంబంధం లేని కొన్ని వ్యక్తిగత వివరాలు మార్చాను.)

ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఇది: "డాక్టర్ గారూ, నా ఒంట్లో పుట్టే హార్మోనే నాకు పడకపోతే పిల్లల్ని ఎలా కనాలి?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఒక తేడా తేల్చుకోవాలి. హార్మోన్‌కే అలర్జీ ఉండటం ఒకటి. అలర్జీ కణాలు ఎంత తేలిగ్గా రెచ్చిపోతాయో ఆ గీతను హార్మోన్ పైకీ కిందికీ జరపడం ఇంకొకటి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండింట్లోనూ నెలనెలా దద్దుర్లే. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

జరిగింది ఇదీ

మొదటి ఏడాదిలో దద్దుర్లు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి పోయేవి. ఒక్కో దద్దురు కొన్ని గంటల్లో మాయమయ్యేది, మచ్చ మిగిలేది కాదు. ఈ రెండు విషయాలు ప్రతి పేషెంట్‌నీ అడగాలి. ఒకే చోట 24 గంటలు దాటి ఉండి, నొప్పి పెట్టి, కమిలిన మచ్చ మిగిల్చే దద్దురైతే రక్తనాళాల వాపు గురించి ఆలోచించాలి, బయాప్సీ చేయాలి. ఈవిడ విషయంలో ఆ అవసరం రాలేదు.

రెండో ఏడాదికి ఆవిడే ఒక సంగతి గమనించారు. పీరియడ్స్‌కి రెండు మూడు రోజుల ముందు దద్దుర్లు ఎక్కువవుతున్నాయి. రెండుసార్లు మొదటి రోజున పెదవి వాచింది. ఆ తర్వాత ఒక నెల, మొదటి రోజునే, కడుపునొప్పికి మెఫెనమిక్ ఆసిడ్ 500 మి.గ్రా. వేసుకున్న అరగంటకు అరచేతుల్లో దురద మొదలైంది. నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, గొంతు బిగిసినట్టు అనిపించడం, కళ్లు తిరగడం. ఎమర్జెన్సీకి చేరేసరికి బీపీ 84/50. అక్కడి డ్యూటీ డాక్టర్ ఏమాత్రం తటపటాయించకుండా తొడ బయటి వైపు కండరంలో అడ్రినలిన్ 0.5 మి.గ్రా. ఇచ్చారు. మొదలై సుమారు రెండు గంటలు గడిచాక ట్రిప్టేజ్ కోసం రక్తం కూడా తీశారు. మాస్ట్ కణాలనే అలర్జీ కణాలు పేలినప్పుడు రక్తంలోకి వచ్చే ఎంజైమ్ అది. ఆ శాంపిల్ లేకపోయి ఉంటే ఈ కేసులో సగం ఊహాగానమే అయ్యేది.

ఆ రోజు ట్రిప్టేజ్ 14.6 నానోగ్రాములు. తర్వాత మామూలుగా ఉన్న రోజున చేస్తే 5.2. మాస్ట్ కణాలు నిజంగా పేలాయా లేదా అని తేల్చడానికి ఒక లెక్క ఉంది: మామూలు విలువను 1.2తో గుణించి 2 కలపాలి. ఈవిడకు అది 8.24 అవుతుంది. 14.6 దాన్ని బాగా దాటింది. కాబట్టి ఇది టెన్షన్ వల్ల వచ్చిన కళ్లు తిరగడం కాదు, పీరియడ్స్ నీరసం అంతకన్నా కాదు. మాస్ట్ కణాల నుంచి వచ్చిన అసలైన అనఫిలాక్సిస్, అంటే ఒళ్లంతటినీ ఒక్కసారిగా తాకి ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ. మామూలు విలువ 5.2 దగ్గరే ఉండటంతో మాస్టోసైటోసిస్ (మాస్ట్ కణాలు అతిగా పెరిగే జబ్బు) అనుమానం కూడా బాగా తగ్గింది.

ఆ తర్వాత ఇంకొక చోట నూనెలో కరిగించిన ప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్‌ను పలుచన చేయకుండా చర్మంలోకి ఇచ్చి చూశారు. అరగంటకు ఎర్రగా ఉబ్బింది. రిపోర్టులో "పాజిటివ్" అని రాశారు. పక్కన ఉత్తి నూనె చుక్కతో పోల్చి చూసిన దాఖలా రిపోర్టులో లేదు.

ప్రొజెస్టిరాన్ అలర్జీ ఉందా?

ఉంది. అరుదే అయినా కల్పన కాదు. పీరియడ్స్‌కి ముందు తీసిన పేషెంట్ సొంత సీరమ్‌తో దద్దుర్లు తెప్పించిన కేసు 1921లోనే వచ్చింది. 1964లో షెల్లీ బృందం దీనికి ఆటోఇమ్యూన్ ప్రొజెస్టిరాన్ డెర్మటైటిస్ అని పేరు పెట్టింది. ఇప్పుడు ప్రొజెస్టోజెన్ హైపర్‌సెన్సిటివిటీ అంటున్నాం, ఎందుకంటే కొందరికి గర్భనిరోధక మాత్రల్లోని, ఐవీఎఫ్ చికిత్సలో ఇచ్చే ప్రొజెస్టిరాన్ కోవ మందులతోనే మొదలవుతుంది. దద్దుర్ల నుంచి అనఫిలాక్సిస్ దాకా రావచ్చు. సాధారణంగా పీరియడ్స్‌కి 3 నుంచి 10 రోజుల ముందు, అంటే ప్రొజెస్టిరాన్ ఒంట్లో బాగా ఉన్న రోజుల్లో మొదలై, బ్లీడింగ్ మొదలయ్యాక కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది.

ఇబ్బందల్లా చర్మ పరీక్షతోనే. దీనికి అందరూ ఒప్పుకున్న ఒకే పద్ధతి లేదు. మందు కరిగి ఉన్న నూనే చర్మాన్ని మండించగలదు. అందుకే పాజిటివ్ వచ్చిందనగానే నిర్ధారణ చేసేయకూడదు. నెగెటివ్ వచ్చిందని లేదనుకోవడానికీ లేదు. అలాంటి ఒక్క రిపోర్టు మీద ఒక స్త్రీ పిల్లల్ని కనాలా వద్దా అన్న నిర్ణయం నిలబెట్టడం నాకు అస్సలు సమ్మతం కాదు.

డైరీ

మూడు నెలలు డైరీ రాయమన్నాను. బ్లీడింగ్ మొదలైన రోజు ఒకటో రోజు. ప్రతి రాత్రి పడుకునే ముందు దద్దుర్లకు 0 నుంచి 3, దురదకు 0 నుంచి 3 మార్కులు. వారానికి మొత్తం 42. పక్కన ఆ రోజు వేసుకున్న ప్రతి మాత్ర పేరు, జ్వరం, వ్యాయామం, నిద్ర. 10వ రోజు నుంచి మూత్రంతో చేసే ఎల్‌హెచ్ స్ట్రిప్ (అండం విడుదలకు ముందు పెరిగే హార్మోన్‌ను చూపేది). నొప్పికి పారాసిటమాల్ 500 మి.గ్రా. తప్ప ఇంకేదీ వద్దని గట్టిగా చెప్పాను. అడ్రినలిన్ ఎప్పుడూ దగ్గర ఉండేలా చూశాను. ఎలా వాడాలో ఆవిడకూ భర్తకూ ట్రైనర్ పెన్‌తో చేయించి మరీ నేర్పాం.

రెండో నెల పేజీ నుంచి కొన్ని వరసలు:

"13వ రోజు. స్ట్రిప్ రెండో గీత ముదురుగా వచ్చింది. సాయంత్రం నడుము దగ్గర బట్ట బిగిసిన చోట, మోచేతుల మడతల్లో ఆరేడు దద్దుర్లు. దురద 2. మాత్రలు లేవు."

"20వ రోజు. ఏమీ లేదు."

"21వ రోజు. ఏమీ లేదు. రక్తం ఇచ్చాను."

"27వ రోజు. తెల్లవారుజామున దురదతో మెలకువ. తొడలు, వీపు. దద్దుర్లు 3, దురద 3."

"1వ రోజు. పొట్టలో బాగా నొప్పి. పారాసిటమాల్ ఒకటి. దద్దుర్లు ఉన్నాయి కానీ పెదవి వాయలేదు."

మూడు నెలలూ ఇదే తీరు. నెల మధ్యలో ఒక చిన్న అల, పీరియడ్స్ ముందు ఒక పెద్ద అల, ఆ రెండింటి మధ్య దాదాపు వారం ప్రశాంతం. 13వ రోజు రక్తంలో ప్రొజెస్టిరాన్ 0.7 నానోగ్రాములు, అంటే ఇంకా లేచే లేదు. 21వ రోజున 12. ఆ హార్మోన్ పైకి లేచి ఉన్న రోజునే చర్మం అన్నిటికన్నా ప్రశాంతంగా ఉంది. ప్రొజెస్టిరాన్‌కే అలర్జీ ఉన్న మనిషిలో ఇది తిరగబడి ఉండాలి.

ఇంకో రెండు సంగతులు పాత చీటీల్లోంచి బయటపడ్డాయి. ఒక ప్రయాణం కోసం పీరియడ్ వాయిదా వేయడానికి ఆవిడ నోరెథిస్టిరాన్ 5 మి.గ్రా. రోజుకు మూడు చొప్పున పది రోజులు వాడారు. అది ప్రొజెస్టిరాన్ కోవకు చెందిన మందే. అప్పుడు ఒక్క దద్దురూ రాలేదు. మాత్ర ఆపి బ్లీడింగ్ మొదలయ్యాకే వచ్చాయి. నోరెథిస్టిరాన్ నిర్మాణం సహజ ప్రొజెస్టిరాన్‌కు కొంత వేరు కాబట్టి ఇది ఒక్కటే సరిపోదు. అయినా అనుమానం ఎటు మొగ్గాలో చెప్పింది.

రెండోది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. కాలు బెణికినప్పుడు ఆవిడ ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. రోజుకు మూడు, మూడు రోజులు వాడారు. ఏమీ కాలేదు. ఆ చీటీ మీద తేదీని ఆవిడ ఫోన్‌లోని పీరియడ్ యాప్‌తో పోల్చి చూస్తే 7, 8, 9 రోజులు. అదే ఐబుప్రొఫెన్ ఇంకో నెల మొదటి రోజున ఒక్కటి వేసుకుంటే ఒళ్లంతా దద్దుర్లు. పెదవి వాచిన ఆ రెండుసార్లూ మెఫెనమిక్ ఆసిడ్ వేసుకున్నారని కూడా అప్పుడే తెలిసింది. నొప్పి ఉంటే మాత్ర వేసుకోవడం అంత మామూలు విషయం కాబట్టి ఆవిడ దాన్ని చెప్పదగ్గ సంగతి అనుకోలేదు. అడిగినవాళ్లూ లేరు.

మందూ అదే, మనిషీ అదే. మారింది నెలలోని రోజు ఒక్కటే.

కణం దగ్గర ఏం జరుగుతుంది

మాస్ట్ కణాన్ని 1878లో పాల్ ఎర్లిక్ తన డాక్టరేట్ థీసిస్‌లో వర్ణించారు. చర్మంలో, ముక్కు లోపలి పొరలో, ఊపిరితిత్తుల గొట్టాల్లో, పేగుల్లో, రక్తనాళాల పక్కన కాపు కాసి ఉండే కణం ఇది. లోపల హిస్టమిన్, ట్రిప్టేజ్, హెపారిన్ నింపుకున్న రేణువులు ఉంటాయి. ఉపరితలం మీద ఐజీఈ యాంటీబాడీలు అతుక్కుని ఉంటాయి. అలర్జీ కలిగించే పదార్థం వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలను కలిపిందంటే కణంలోకి కాల్షియం దూసుకొస్తుంది, రేణువులు బయటికి కక్కబడతాయి. తర్వాత జరిగేది మనకు దద్దురుగానో, తుమ్ముగానో, బీపీ పడిపోవడంగానో కనిపిస్తుంది.

ఈ కణం మీద ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకాలు కూడా ఉన్నాయి. ఈస్ట్రోజెన్ వంటి హార్మోన్లు సాధారణంగా కేంద్రకంలోకి వెళ్లి జీన్లను తట్టి లేపుతాయి. దానికి గంటలు పడుతుంది. 2007లో జైట్సు, మిడోరో-హొరియుటి బృందం చూపించింది మాత్రం వేరు దారి. ఎస్ట్రడయాల్ (ఒంట్లోని ముఖ్యమైన ఈస్ట్రోజెన్) మాస్ట్ కణంలోని ఆల్ఫా రకం గ్రాహకం ద్వారా, జీన్లతో పని లేకుండా, నిమిషాల్లో కాల్షియాన్ని లోపలికి రప్పించింది. ఒంట్లో మామూలుగా ఉండే మోతాదులే దానికి చాలాయి. ఐజీఈ ద్వారా వచ్చే ప్రేరణకు ఇది తోడైతే రేణువుల విడుదల ఇంకా పెరిగింది. ఆల్ఫా గ్రాహకం లేని ఎలుకల కణాల్లో ఆ ప్రభావం కనిపించలేదు. అంటే ఈస్ట్రోజెన్ ఇక్కడ కొత్త అలర్జీని పుట్టించడం లేదు. ఉన్న అలర్జీకి తలుపు కొంచెం తీసి పెడుతోంది.

ప్రొజెస్టిరాన్ దీనికి ఎదురు వైపు లాగుతుంది. ఎలుకల మాస్ట్ కణాల మీద చేసిన ప్రయోగాల్లో అది హిస్టమిన్ విడుదలను తగ్గించింది. గాజు పాత్రలో చూసినదాన్ని యథాతథంగా మనిషికి అంటగట్టలేం. అయినా ఈవిడ డైరీలో 20, 21 రోజుల ప్రశాంతతకు నాకు దొరికిన అన్నిటికన్నా సరైన వివరణ ఇదే. ఆ రోజుల్లో ఈస్ట్రోజెన్ కూడా రెండోసారి కొంత లేస్తుంది, కానీ బ్రేక్ వేసే ప్రొజెస్టిరాన్ అప్పుడు ఒంట్లో దండిగా ఉంటుంది. 12, 13 రోజుల్లో ఈస్ట్రోజెన్ ఒక్కటే శిఖరం మీద ఉంటుంది, బ్రేక్ లేదు. పీరియడ్స్‌కి ముందు రెండూ పడిపోతాయి, బ్రేక్ ఊడిపోతుంది. ఈస్ట్రోజెన్ ఒక్కదానితోనే ఆ చివరి అలను వివరించలేమని నా అభిప్రాయం. అందుకే "ఈస్ట్రోజెన్ ఎక్కువైతే అలర్జీ ఎక్కువ" అని ఒక్క వాక్యంలో తేల్చేయడం నాకు నచ్చదు.

కథ మాస్ట్ కణం దగ్గరే ఆగదు కూడా. ఆడ ఎలుకలకు మగవాటి కన్నా అనఫిలాక్సిస్ తీవ్రంగా వస్తుందని, అండాశయాలు తీసేసినా, ఈస్ట్రోజెన్‌ను మందుతో అడ్డుకున్నా ఆ తేడా పోతుందని ఒక దశాబ్దం కిందట అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు చూపించారు. అక్కడ ముఖ్య పాత్ర రక్తనాళాల లోపలి పొరది. ఈస్ట్రోజెన్ ఆ పొరలో నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమ్‌ను పెంచుతుంది, నాళాలు వదులై ద్రవం బయటికి కారుతుంది, బీపీ పడిపోతుంది. కాబట్టి హిస్టమిన్ ఎంత విడుదలైందన్నది ఎంత ముఖ్యమో, దానికి నాళం ఎలా స్పందించిందన్నదీ అంతే ముఖ్యం.

దీనికి మనుషుల్లో ఒక చక్కని సాక్ష్యం ఉంది. 1995లో గ్రీస్ పరిశోధకులు కొందరు స్త్రీలకు, ఒక్కొక్కరికీ నెలలో వేర్వేరు రోజుల్లో, స్కిన్ ప్రిక్ టెస్టులు (చర్మం మీద చుక్క వేసి సూదితో గుచ్చి చూసే పరీక్షలు) చేశారు. 12 నుంచి 16 రోజుల మధ్య, అంటే ఈస్ట్రోజెన్ శిఖరం చుట్టూ, బొబ్బలు పెద్దగా వచ్చాయి. అలర్జీ పదార్థంతోనే కాదు, మాస్ట్ కణాన్ని నేరుగా పేల్చే మార్ఫిన్‌తోనూ, అసలు కణంతో పనే లేని హిస్టమిన్ చుక్కతోనూ అంతే. హిస్టమిన్ బొబ్బ కూడా పెరిగిందంటే చర్మంలోని నాళాలే ఎక్కువగా స్పందిస్తున్నాయన్నమాట.

మేమూ అదే చేసి చూశాం. అనఫిలాక్సిస్ తర్వాత కొన్ని వారాలు కణాలు ఖాళీగా ఉండి తప్పుడు నెగెటివ్ ఇవ్వవచ్చు కాబట్టి ఆరు వారాలు ఆగాం. యాంటిహిస్టమిన్ వారం ముందే ఆపించాం. 8వ రోజున, మళ్లీ 13వ రోజున, అదే టెక్నీషియన్, అదే రకం గుచ్చే సూది. హిస్టమిన్ బొబ్బ 8వ రోజున 5 మి.మీ., 13న 7. దుమ్ము పురుగు బొబ్బ 4 నుంచి 7కి పెరిగింది. ఒక్క మనిషిలో ఒక్కసారి చూసినది రుజువు కాదని తెలుసు. కానీ ఆవిడ తన చేతి మీద ఆ తేడా కళ్లారా చూసుకున్నారు. అప్పటిదాకా నేను చెప్పిందంతా కలిపినా అంత పని చేయలేదు.

నొప్పి మాత్ర పాత్ర

ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ ఆసిడ్, డైక్లోఫెనాక్ వంటివి కాక్స్-1 అనే ఎంజైమ్‌ను ఆపుతాయి. దాంతో ప్రోస్టాగ్లాండిన్ ఈ2 తగ్గుతుంది. మాస్ట్ కణాన్ని అదుపులో ఉంచేవాటిలో అదొకటి. మరోవైపు వాపు తెచ్చే లూకోట్రయీన్లు అనే రసాయనాలు పెరుగుతాయి. దీర్ఘకాలిక దద్దుర్లు ఉన్నవారిలో నూటికి 12 నుంచి 30 మందికి ఈ మాత్రలతో దద్దుర్లు ఎక్కువవుతాయి. ఇది ఒక మందుకు ఐజీఈ తయారయ్యే అలర్జీ కాదు. అందుకే వేర్వేరు రసాయన కుటుంబాల మాత్రలు రెండింటితోనూ ఈవిడకు అదే గొడవ. జబ్బు అదుపులో ఉన్న రోజుల్లో అదే మాత్ర ఏమీ చేయకపోవచ్చు.

పేషెంట్‌కు ఇలా చెప్పాను: "గిన్నె అంచుదాకా నిండి ఉన్నప్పుడు చెంచాడు పోసినా పొర్లుతుంది. మీ గిన్నెను నింపేది నెలలో రోజు. చెంచా మాత్రది." ఆవిడ వెంటనే అడిగారు, "అయితే మాత్ర మానేస్తే చాలా?" ప్రాణాపాయం వరకైతే చాలావరకు చాలు. దద్దుర్లకు మాత్రం చాలదు, ఎందుకంటే డైరీలో మాత్ర లేని నెలల్లోనూ అవి వచ్చాయి.

ఈ మాత్రకు పీరియడ్స్ నొప్పితో ఉన్న సంబంధమే నిర్ధారణను పక్కదారి పట్టించేది. సరిగ్గా హార్మోన్లు పడిపోయిన రోజునే నొప్పి వస్తుంది, సరిగ్గా ఆ రోజే మాత్ర వేసుకుంటారు. తేదీలు మాత్రమే చూస్తే అంతా హార్మోన్ ఖాతాలోకి పోతుంది. మందులు మాత్రమే చూస్తే అంతా మాత్ర ఖాతాలోకి పోతుంది.

మిగతా అనుమానాలు

రక్త పరీక్ష, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే పరీక్ష), థైరాయిడ్, థైరాయిడ్ యాంటీబాడీలు బాగానే ఉన్నాయి. సీ4 అనే రక్తంలోని ప్రొటీన్ మామూలు. ఇది చూడటానికి కారణం ఉంది. వంశపారంపర్యంగా వచ్చే యాంజియోఎడిమాలో (పెదవి, ముఖం, గొంతు వంటివి వాచే జబ్బు) కూడా ఈస్ట్రోజెన్‌తో వాపులు ఎక్కువవుతాయి. కానీ అక్కడ పని చేసేది హిస్టమిన్ కాదు, బ్రాడికైనిన్ అనే వేరే రసాయనం. దద్దుర్లు ఉండవు, యాంటిహిస్టమిన్ పని చేయదు, అడ్రినలిన్‌తోనూ తగ్గదు. పీరియడ్స్‌కో, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలకో పెదవి మాత్రమే వాచి, ఒంటిమీద దద్దుర్లు లేవంటే తప్పకుండా ఆ దారిలో వెతకాలి.

ప్రొజెస్టిరాన్‌ను నేరుగా పరీక్షించడం

ముందుగా చర్మ పరీక్ష మళ్లీ చేశాం. ఈసారి పలుచన చేసిన ప్రొజెస్టిరాన్, పక్కనే ఉత్తి నూనె, పక్కన సెలైన్. నూనె చుక్క దగ్గర కూడా ప్రొజెస్టిరాన్ దగ్గర వచ్చినంత ఎరుపే వచ్చింది. పాత రిపోర్టు విలువ అక్కడితో పోయింది.

తర్వాత నోటి ద్వారా. సహజ ప్రొజెస్టిరాన్ గుళికలు, ఆవిడ సొంత హార్మోన్ తక్కువగా ఉండే 6వ రోజున, యాంటిహిస్టమిన్ ఆపి ఉంచి, అడ్రినలిన్ పక్కన పెట్టుకుని. మొదట 100 మి.గ్రా., రెండు గంటలు చూసి 200 మి.గ్రా. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్ని గుళికల్లో మందు వేరుశనగ నూనెలో ఉంటుంది. పల్లీ అలర్జీ ఉన్నవారికి అది ఇచ్చి దద్దుర్లు వస్తే నేరం ప్రొజెస్టిరాన్ మీద పడుతుంది. గుళిక లోపల ఏముందో చదివాకే వాడాలి. మేం వేరుశనగ లేనిది తీసుకున్నాం.

సాయంత్రం దాకా ఉంచుకున్నాం. వచ్చిందల్లా నిద్ర మత్తు. నోటి ద్వారా ఇచ్చే ప్రొజెస్టిరాన్‌కు అది మామూలే. తర్వాతి రెండు రోజులూ ఫోన్ చేసి కనుక్కున్నాం, దద్దుర్లు లేవు. ఫైల్‌లో ఆ అలర్జీ పేరు కొట్టేసి, ఎందుకు కొట్టేశామో కారణాలతో సహా ఆవిడకు, ఆవిడ గైనకాలజిస్టుకు ఉత్తరం రాసి ఇచ్చాను. రేపు ఐవీఎఫ్ అవసరమైనా, గర్భం నిలబెట్టడానికి ప్రొజెస్టిరాన్ ఇవ్వాల్సి వచ్చినా, ఆ పాత రాత అడ్డు పడకూడదు. అవసరం లేని చోట ఒక అలర్జీ పేరు ఫైల్‌లో మిగిలిపోతే, అది ఎన్ని మంచి మందులను మనిషికి దూరం చేస్తుందో రోజూ చూస్తున్నాం.

వైద్యం

కాక్స్-1ను ఆపే మాత్రలన్నీ నిషేధం. పేర్లు ఒక కార్డు మీద రాసి ఇచ్చాం, ఎందుకంటే జలుబు మాత్రల్లోనూ, నొప్పి జెల్‌లలోనూ ఇవి కలిసి ఉంటాయి. పారాసిటమాల్ ఒకసారికి 1000 మి.గ్రా. కన్నా తక్కువ. దానికి తగ్గని నొప్పికి ఎటోరికాక్సిబ్, అది ప్రధానంగా కాక్స్-2 మీద పనిచేస్తుంది. దాన్ని కూడా నమ్మి చేతికి ఇచ్చేయలేదు. ముందు 8వ రోజున 30, తర్వాత 60 మి.గ్రా. ఇచ్చి చూశాం. ఏమీ కాలేదు. కానీ ఈవిడ 8వ రోజున ఐబుప్రొఫెన్ కూడా తట్టుకున్నారు కదా! అందుకే అసలు గండం ఉన్న ఒకటో రోజున, ఆవిడ రోజూ వాడబోయే యాంటిహిస్టమిన్ మీద ఉండగా, ఇంకోసారి ఆసుపత్రిలోనే పరీక్షించాం. అది కూడా దాటాకే ఇంటికి రాసిచ్చాం. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారు కాబట్టి బ్లీడింగ్ మొదటి రెండు రోజులకే పరిమితం చేయమన్నాను. నెల మధ్యలో వాడితే ఈ కోవ మందులు అండం విడుదలకు అడ్డు పడగలవు.

యాంటిహిస్టమిన్ విషయంలో పాత అలవాటు మాన్పించాల్సి వచ్చింది. దద్దురు వచ్చాక వేసుకునేవారు. గ్రాహకాన్ని హిస్టమిన్ చేరకముందే మందు అక్కడ ఉండాలి. కాబట్టి రోజూ. గర్భం విషయంలో ఎక్కువ అనుభవం ఉన్నవి సెటిరిజిన్, లోరాటడిన్. సెటిరిజిన్‌తో ఆవిడకు మత్తుగా ఉండటంతో లోరాటడిన్ 10 మి.గ్రా. రోజుకొకటి, 10వ రోజు నుంచి తర్వాతి నెల 3వ రోజు వరకు రెండు. మార్గదర్శకాలు నాలుగు రెట్ల దాకా పెంచుకోవచ్చంటాయి, ఇక్కడ రెండుకే సరిపోయింది. తర్వాతి మెట్టుగా ఐజీఈని అడ్డుకునే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ ఉందని చెప్పి ఉంచాను, కానీ దాని దాకా పోలేదు. అండాశయాలను ఆపే ఇంజెక్షన్లు కొందరికి ప్రాణం నిలబెట్టే మందే. మిగతావేవీ పని చేయనప్పుడు, నెలనెలా అనఫిలాక్సిస్ వస్తున్నప్పుడు వాటిని వాడడానికి వెనకాడను. ఈవిడకు ఆ అవసరమే లేదు.

దుమ్ము పురుగు సంగతి చిన్నదే అయినా వదల్లేదు. దిండు, పరుపుకు కవర్లు, ముక్కుకు స్టిరాయిడ్ స్ప్రే. తుమ్ములు తగ్గితే నిద్ర బాగుపడింది.

ఇప్పటి పరిస్థితి

వైద్యానికి ముందు పీరియడ్స్‌కి ముందు వారం మార్కులు 42కి 19. మూడో నెలకు 5. పెదవి వాపు మళ్లీ రాలేదు, అడ్రినలిన్ వాడాల్సిన అవసరం పడలేదు. నెల మధ్యలో బట్ట బిగిసిన చోట ఒకటి రెండు దద్దుర్లు ఇప్పటికీ వస్తున్నాయి. ఆవిడ వాటిని పెద్దగా పట్టించుకోవడం లేదు, నేనూ వాటి కోసం మోతాదు పెంచలేదు.

గర్భం వస్తే ఏమవుతుందని ప్రతి విజిట్‌లోనూ అడుగుతారు. ఉబ్బసం ఉన్నవారిలో గర్భంతో మూడో వంతు మందికి తగ్గుతుంది, మూడో వంతుకు పెరుగుతుంది, మిగతావారికి మార్పు ఉండదు. దద్దుర్లలోనూ ఎవరి తీరు వారిదే. మాయ (ప్లాసెంటా) నుంచి హిస్టమిన్‌ను విరిచేసే డయమిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పెద్ద ఎత్తున వస్తుంది, అది మనకు అనుకూలం. ఈస్ట్రోజెన్ కూడా ఎన్నో రెట్లు పెరుగుతుంది, దాంతో పాటే ప్రొజెస్టిరాన్. ముందే తేల్చి చెప్పలేం. కాబట్టి చేతిలో ఉన్నది సిద్ధం చేసుకున్నాం. గర్భంలోనూ లోరాటడిన్ కొనసాగుతుంది. టెస్ట్ పాజిటివ్ వచ్చిన రోజు నుంచి ఎటోరికాక్సిబ్ ఆగుతుంది. అనఫిలాక్సిస్ వస్తే గర్భం ఉందని అడ్రినలిన్ ఆలస్యం చేయకూడదని, మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలని భర్తకు రాసి ఇచ్చాం. కాన్పు తర్వాత నొప్పికి ఏ మందులు ఇవ్వాలో, ఏవి ఇవ్వకూడదో ప్రసూతి వార్డు కోసం వేరే కాగితం తయారైంది. డైరీ మాత్రం ఆపలేదు. మూడు నెలల తర్వాత, మార్కులు ఇలాగే ఉంటే, రెండో మాత్రను 10వ రోజుకు బదులు 24వ రోజు నుంచి మొదలుపెట్టి చూస్తాం.